పేరు లేనివాళ్ళ రాయి

"కేతోజూ! ఒరే కేతోజూ! ఎక్కడున్నావురా, బయటికి రా!"

కొలిమి ముందు కూచున్న బెజ్జన ఉలిక్కిపడ్డాడు. పిలుపు తనకు కాదు, అయినా లేచి గడప దగ్గరికి వచ్చాడు. వీధిలో తలారి నిలబడి ఉన్నాడు. వాడి వెనక డప్పువాడు. డప్పువాడి వెనక వాడలో సగం జనం.

కంచరి కేతోజు చేతులకంటిన మట్టి తుడుచుకుంటూ గడప దాటాడు. ఆయన వెనకే కూతురు మైలమ వచ్చి నిలుచుంది. డప్పు మోగింది.

"విన్నవాళ్ళు విననివాళ్ళకు చెప్పండహో! ఏలినవారి గంట పాడుచేసినవాణ్ణి రేపు నిండు సభలో పైబట్ట తీయించి, గాడిద మీద వెనక్కి తిప్పి కూచోబెట్టి, దక్షిణపు గుమ్మం దాటించేదహో! వాడు మళ్ళీ ఈ రాజ్యంలో అడుగు పెట్టరాదహో! వాడి మాట ఒక్కటి కూడా ఎవ్వరూ వినరాదహో!"

"ఎవరి పేరూ చెప్పలేదేం అన్నా?" అని అడిగింది మైలమ.

తలారి నేల చూపులు చూశాడు. "కంచరివాడి పేరు నా నోట రావడమేమిటి అన్నారమ్మా ఏలినవారు. చెప్పేదేముంది, అందరికీ తెలిసిందేగా."

మైలమ చెంప మీద కంచు రజను అంటుకుని మిలమిలా మెరుస్తోంది. ఆ మెరుపు మీదుగా ఒక కన్నీటి చుక్క జారింది. బెజ్జనకు లోకమంతా ఆ చుక్కలోకి దిగిపోయినట్టు అనిపించింది. రేపు సాయంత్రానికి తండ్రీ కూతురూ పొలిమేర అవతల ఉంటారు. ఆ తర్వాత ఈ కొలిమి ఉంటుంది, బొగ్గులుంటాయి, ఆమె ఉండదు.

"రాయి దగ్గరికి పోదాం పద నాన్నా" అంది మైలమ కళ్ళు తుడుచుకుని. "మన మాట వినకుండా ఎట్లా పంపిస్తారో చూద్దాం."

ఆ రాజ్యం పేరు చెంగలదిన్నె. ఇప్పుడు వెతికితే దొరకదు, అది ఉన్న రోజుల్లోనే దారి తప్పినవాళ్ళు తప్ప ఎవరూ అక్కడికి వచ్చేవాళ్ళు కారట. ఏలేది వీరగండ మహారాజు. ఆయన మనసు చెడ్డది కాదు. కిరీటమే మనసుకంటే కాస్త పెద్దది. ఆయన మీసం దువ్వుకోవడానికి ఒకడు, దువ్విన మీసాన్ని మెచ్చుకోవడానికి ఇంకొకడు కొలువులో ఉండేవాళ్ళు. బెజ్జన ఆ కొలువులోనే మాటకారి. ఎవరినైనా నవ్వించగలడు, ఎవరి నోరైనా మూయించగలడు. ఒక్క మైలమ ఎదుట మాత్రం వాడి నోరు పిడచకట్టుకుపోయేది. కేతోజు వాడికి వరసకు మేనమామ. ఆ వంక పెట్టుకుని, గంటలు ఎట్లా పోస్తారో నేర్చుకుంటానని రోజూ వచ్చి కొలిమి ముందు కూచునేవాడు. ఎన్నాళ్ళు కూచున్నా వాడికి మైనం ఏదో మట్టి ఏదో తెలిసింది కాదు.

ఇక రాయి సంగతి.

రాజుగారి ముత్తాత మల్లగండరాజు కాలంలో ఏడుగురు నాయకులు గుర్రాలెక్కి వచ్చి కోటను చుట్టుముట్టారు. వాళ్ళలో ఒకణ్ణి రాజు రాత్రికి రాత్రి చెరలో వేయించాడని వాళ్ళ కోపం. మల్లగండరాజు పళ్ళు కొరుక్కుంటూనే ఒక శాసనం చెక్కించి సభామండపం ముందు నిలబెట్టాడు. సాటివాళ్ళు కూచుని అతని మాట వినేదాకా ఏ నాయకుణ్ణీ పట్టరాదు, ఇల్లు మూయరాదు, దేశం దాటించరాదు అని దానిలో ఉంది. అది పెద్దవాళ్ళూ పెద్దవాళ్ళూ చేసుకున్న ఒప్పందం. చిన్నవాళ్ళ ఊసు అందులో ఎక్కడా లేదు.

కాని చిన్నవాళ్ళకు చదువు రాదు కదా! ఆరుబయట నిలబెట్టిన రాయి అందరిదీ అనుకున్నారు. ఒకనాడు ఒక గానుగామె ఎద్దును భటులు తోలుకుపోతుంటే, ఆమె పరుగున వచ్చి రాతి మీద అరచెయ్యి పెట్టి, "నా మాట వినండి" అంది. అప్పటి ధర్మాధికారి శాసనం పూర్తిగా చదివినవాడో కాడో, ఆమెను కూచోబెట్టి విన్నాడు. ఎద్దు ఇంటికి తిరిగొచ్చింది. తర్వాత ఒక కుమ్మరి వచ్చాడు, తర్వాత ఒక చాకలి. అట్లా అట్లా ఆ పొరపాటే ఊరి అలవాటయింది. చేతులు ఆని ఆని రాతికి నడుమ ఒక పల్లం పడింది. అది చిన్నపిల్లల బుగ్గంత నున్నగా ఉండేది.

ఆ పల్లంలోనే ఇప్పుడు కేతోజు అరచెయ్యి పెట్టాడు.

"నా మాట వినాలి ఏలినవారూ!"

సభకు వస్తున్న వీరగండ మహారాజు పల్లకి ఆగింది. "ఏమిటీ గోల?"

పక్కనే ఉన్న ఆస్థాన పండితుడు పద్మనాభ భట్టు ఆ మాట కోసమే కాచుకున్నట్టు ముందుకొచ్చాడు. రాతి మీద విభూది చల్లించాడు. అరిగిన అక్షరాల్లో తెల్లగా నిండింది. గొంతు సవరించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు.

"మహారాజా, ఇందులో ఏడుగురు నాయకుల పేర్లున్నాయి. వాళ్ళ వంశంవాళ్ళకే ఈ అభయం. కంచరి అన్న మాట లేదు. కుమ్మరీ లేదు, చాకలీ లేదు. ఇన్నాళ్ళూ వీళ్ళంతా వేరొకరి రాయి వాడుకుంటున్నారు!"

జనం గుండెల్లో రాయి పడింది. మా తాతలు వాడిన రాయి మాది కాదా అన్నట్టు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

బెజ్జన ఉండబట్టలేక అన్నాడు. "మహారాజా, ఏడుగురి చేతులకు రాయి ఇంత అరుగుతుందా?"

"అరిగిన రాయిని చూసి న్యాయం చెప్పమంటావుట్రా?" అని రాజు మీసం తిప్పాడు. "చెక్కిన పేర్లే లెక్క. పేరు లేనివాడి మాట వినేది లేదు. నీకు నోరు ఎక్కువయింది కనక, రేపు ఆ గంట పాడుచేసినవాణ్ణి గాడిదెక్కించే పని నీదే. నా ఆజ్ఞ పొల్లుపోకుండా జరిపించాలి."

"పొల్లుపోకుండానే జరిపిస్తాను ప్రభూ" అన్నాడు బెజ్జన వంగి. మైలమ వాడికేసి చూసిన చూపు కొలిమిలో కాల్చిన చువ్వలా దిగింది.

ఇంటి గుమ్మం దగ్గర ఆమె గిరుక్కున వాడికేసి తిరిగింది.

"గాడిదను మంచిదే చూసి తీసుకురా బావా. మా నాన్నకు నడుం నొప్పి."

"మైలమా..."

"నువ్వు చూశావుగా! పోతపోసిన సాయంత్రం నువ్వు ఇక్కడే ఉన్నావుగా! గుంటలో అచ్చు ఇంకా భగభగా కాగుతోంది. మట్టి కప్పి దాని మానాన దాన్ని చల్లారనివ్వాలని నాన్న మొత్తుకున్నాడా లేదా? ఎవరొచ్చారు? ఎవరు తవ్వించారు? ఎవరు నీళ్ళు పోయించారు?"

బెజ్జన చూశాడు. తెరలు కట్టిన పల్లకి వచ్చింది. అందులోంచి దిగిన మనిషి శాలువా కప్పుకున్నాడు కాని, శాలువా మీసాన్ని దాచలేకపోయింది. తన పుట్టినరోజుకు గంట మోగాలని ఆయన తొందర. మర్నాడు గంటను వేలాడదీసి కొడితే, అడుగు ఊడిన కుండలా 'డబ్'మంది. కంటికి ఆననంత సన్నటి బీట. ఆ మనిషి వెళ్ళేటప్పుడు, నేనిక్కడికి వచ్చానని ఎవరన్నా అంటే నాలుక తెగుతుందని కూడా చెప్పి వెళ్ళాడు.

"చెప్పడానికి నేను సిద్ధమే మైలమా. కాని వినకూడదని ఆజ్ఞ. వినేవాళ్ళు లేనిచోట నిజం చెప్పినా గోడకు చెప్పినట్టే. మామయ్యా పోతాడు, నేనూ పోతాను."

"అయితే పాపం రాజుగారు తనంతట తానే చెప్పాలంటావా?" అంది మైలమ వెటకారంగా.

ఆ మాట అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. బెజ్జన మాత్రం గుమ్మం ముందే నిలబడిపోయాడు. తనంతట తానే. ఆ మాట వాడి చెవుల్లో మంచి గంటలా మోగుతూనే ఉంది. ఆకాశం గోరింటాకు పెట్టుకున్న చేతిలా ఎర్రగా ఉంది. కాసేపటికి వాడు తనలో తాను నవ్వుకుని, చాకలివాడకేసి నడిచాడు, గాడిదను అడగడానికి.

మర్నాడు సభ కిటకిటలాడింది. ఆ ఏడుగురు నాయకుల వంశపు సామంతులు, సేనాని, పండితులు, మండపం చుట్టూ ఊరి జనం. కేతోజు, మైలమ ఒక మూల నిలబడ్డారు. బెజ్జన గాడిదకు మెడలో పూలదండ వేసి మరీ సభలోకి తోలుకొచ్చాడు. అది రాజుగారి తివాచీ వాసన చూసి, బాగానే ఉందన్నట్టు చెవులాడించింది. సభ ఘొల్లుమంది.

"ఏరా, ఆలస్యమేమిటి? కానీ!" అన్నాడు రాజు.

"కానిస్తాను ప్రభూ. ఆజ్ఞలో పేరు లేదు కనక, గంట పాడుచేసినవాడెవడో నేనే వేలు పెట్టి చూపించాలి. చూపించాక వాడి మాట వినరాదు. అంతేగదా?"

"అంతే!"

బెజ్జన కళ్ళు మూసుకుని వేలు గిరగిరా తిప్పాడు. కళ్ళు తెరిచాడు. వేలు పద్మనాభ భట్టు ముక్కుకు సూటిగా ఉంది.

"గురువుగారూ, ఇట్లా దయచేయండి. పైబట్ట ఇప్పించండి."

"నేనా!" భట్టుగారు ఎగిరిపడ్డాడు. "గంట పోసిననాడు నేను ఊళ్ళోనే లేను! మా అల్లుడి ఊరు వెళ్ళాను! కావాలంటే..."

బెజ్జన గబుక్కున చెవులు మూసుకున్నాడు. "అయ్యో, అయ్యో! వినరాదు గురువుగారూ! వింటే ఆజ్ఞ తప్పినట్టు. భటులారా, కానివ్వండి!"

భటులు రాజుకేసి చూశారు. రాజు అప్పటికే పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. చెయ్యి ఊపాడు, కానివ్వండన్నట్టు. చూస్తుండగానే భట్టుగారు గాడిద మీద వెనక్కి తిరిగి కూచుని, దాని తోక పట్టుకుని ఉన్నాడు.

"మహారాజా! ఇది అన్యాయం! ఒక్క మాట వినండి! నేను ఎవరికీ ఏ పాపం ఎరగను!"

"శాసనంలో మీ పేరుందా గురువుగారూ?" అన్నాడు బెజ్జన మెత్తగా. "నిన్న మీరే చదివారుగా. ఏడుగురు నాయకులు. భట్టు అన్న మాట నాకు వినపడలేదు."

సభ విరగబడి నవ్వింది. రాజుగారి కళ్ళ వెంట నీళ్ళు. "ఇక చాల్లే బెజ్జనా! దించు ఆయన్ని. ఆయన కాదని అందరికీ తెలుసు."

"ఎట్లా తెలుస్తుంది ప్రభూ? వింటేగా తెలిసేది?"

నవ్వు కాస్త తగ్గింది.

"వేలే సాక్ష్యమైతే, వేలు ఎటైనా తిరుగుతుంది మహారాజా." బెజ్జన మళ్ళీ చెయ్యి చాచాడు. వేలు మెల్లగా సభ చుట్టూ తిరగసాగింది. సేనాని దగ్గరికి రాగానే ఆయన స్తంభం చాటుకు జరిగాడు. కోశాధికారి కిందపడని ఉంగరాన్ని వెతుక్కుంటూ వంగాడు. ఇప్పటిదాకా గాడిదను చూసి నవ్విన వాళ్ళంతా ఆ వేలిని పాము పడగను చూసినట్టు చూశారు. వేలు తిరిగి తిరిగి, మెట్లెక్కి, సింహాసనం మీద ఆగింది.

బెజ్జన వేలు దించలేదు. ఈ మెడ మీద తల సాయంత్రందాకా ఉంటుందో ఉండదో అనుకున్నాడు వాడు. ఒక్కసారి మైలమకేసి చూశాడు. ఆమె రెండు చేతులూ గుండెకు అదుముకుని నిలబడి ఉంది. చాలు, ఈ చూపు చాలు అనుకున్నాడు.

"ఏలినవారూ, దయచేయండి" అన్నాడు.

"ఏమన్నావు!" రాజు లేచి నిలుచున్నాడు. ముఖంలో రక్తం లేదు. కోపం వచ్చి ఉంటే అప్పుడే కత్తి దూసేవాడు. వచ్చింది కోపం కాదు. "నేను... అది కాదు బెజ్జనా, నేను కావాలని... నా మాట విను!"

ఆ మాట మండపం కప్పుకు తగిలి వెనక్కి వచ్చింది. నా మాట విను. జనం విన్నారు. సామంతులు విన్నారు. అందరికంటే ముందు రాజుగారే విన్నాడు.

బెజ్జన సాష్టాంగపడ్డాడు. "వినాలనే ఉంది ప్రభూ. ఎట్లా వినను? తమ పేరు కూడా రాతి మీద లేదే! తమ ముత్తాతగారు నాయకుల పేర్లు చెక్కించారు గాని, తమ వంశానికి ఇట్లాంటి అవసరం వస్తుందని అనుకోలేదు."

"ఉంది! అందరికీ ఉంది!" అని గాడిద మీంచి పద్మనాభ భట్టు కేకేశాడు. "శాసనం అంతరార్థం అందరికీ వర్తిస్తుంది! నేను నిన్న తొందరలో చదివాను!"

ఈసారి నవ్విన మొదటి మనిషి కేతోజు. తర్వాత సభంతా.

రాజు నవ్వలేదు. ఒక్కొక్క మెట్టే దిగి, జనం పక్కకు తప్పుకుంటుంటే, రాయి దగ్గరికి నడిచాడు. అరచెయ్యి పెట్టాడు. ఎందరెందరి చేతులో అరగదీసిన ఆ పల్లంలో రాజుగారి చెయ్యి అతికినట్టు సరిపోయింది.

"వినేవాళ్ళు సాటివాళ్ళయి ఉండాలిగదా" అన్నాడు లోగొంతుకతో. "నాకు సాటి ఎవరు?"

"రాజుకు సాటి ముల్లోకాల్లో ఎవరున్నారు!" అన్నాడు భట్టుగారు అలవాటు కొద్దీ.

"అయితే వినేవాళ్ళు లేనట్టే, గాడిదే గతి" అన్నాడు బెజ్జన. "నాయకులు?"

"సామంతులు నాకు సాటా!" అని రాజు మీసం మీదికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ తనే దించుకున్నాడు.

"వాళ్ళు కారు ప్రభూ, నిజమే. వాళ్ళ పేర్లు రాతి మీద ఉన్నాయి. తమ పేరు లేదు. కేతోజు పేరూ లేదు, చాకలి పేరూ లేదు, గురువుగారి పేరూ లేదు, నా పేరూ లేదు. పేరు లేనివాళ్ళమంతా ఒకే వరస. తమకు సాటి మేమే."

అప్పుడు రాజు రాతి పక్కన నేల మీద కూచున్నాడు. ఆయన ఎదురుగా కేతోజు, చాకలి, కుమ్మరి, గానుగామె మనవరాలు కూచున్నారు. గాడిద దిగిన భట్టుగారు కూడా దుమ్ము దులుపుకుని ఒక పక్కన సర్దుకున్నాడు. మైలమే ముందుగా అడిగింది.

"పోతపోసిన సాయంత్రం ఏలినవారు ఎక్కడున్నారు?"

"మీ కొలిమి దగ్గరే అమ్మా" అన్నాడు వీరగండ మహారాజు. "గుంట తవ్వించింది నేను. నీళ్ళు పోయించింది నేను. మా నాన్నగారి గంట ఏటి అవతలికి వినపడేది. నాది కోటగోడ దాటదేమోనని భయమేసి, ఆగలేకపోయాను. గంట పాడుచేసినవాణ్ణి నేనే. మీ నాన్న వద్దన్నాడు, నేను వినలేదు."

కేతోజు రాజుకేసి కాక నేలకేసి చూస్తూ అన్నాడు. "కంచు కరిగించి మళ్ళీ పోయచ్చు దొరా. పోయినదేమీ లేదు. ఈసారి మాత్రం చల్లారనివ్వాలి."

రాజు ఆయన్ని చూశాడు. చూసి చూసి, పెదవి వంకర తిరిగి, భుజాలు కదిలి, పగలబడి నవ్వాడు. పొట్ట చెక్కలయ్యే నవ్వు. ఆ నవ్వుతో ఆయన కిరీటం ఒక పక్కకు ఒరిగిపోయింది. దాన్ని సర్దుకోలేదు కూడా.

"గెలిచావురా బెజ్జనా! నా ఆజ్ఞతో నన్నే గాడిదెక్కించబోయావు!" అంటూ చేతి కడియం తీసి వాడి చేతికి తొడిగాడు. "ఒరే, ఉలి తెప్పించండి. ఏడుగురి పేర్ల కింద ఇంకొక్క పంక్తి చెక్కండి. 'ఇక్కడ పేరు లేనివాళ్ళ మాట కూడా' అని. అంతే, అంతకంటే అక్కర్లేదు."

ఆ పంక్తి ఆ రాజ్యంకంటే ఎక్కువ కాలం బతికిందట. దారి తప్పి వచ్చిన వర్తకులు దాన్ని పక్క రాజ్యాలకు నోటితో మోసుకుపోయారు. తర్వాత ఎప్పుడో చెంగలదిన్నె కోట కూలింది, రాయి ఏ గట్టు కిందో పడి మట్టిలో కలిసింది. అయినా ఏ ఊళ్ళోనైనా ఒక బీదవాడు పెద్దమనుషుల ముందు నిలబడి, "నా మాట వినకుండా ఎట్లా శిక్షిస్తారండీ?" అని అడిగితే, ఎదుటివాళ్ళు ఒక్క క్షణం తల వంచుకునేవాళ్ళు. ఆ రాయిని వాడూ చూడలేదు, వాళ్ళూ చూడలేదు. ఎవరో కొందరు పెద్దవాళ్ళు తమకోసం రాయించుకున్న మాట, చదువురాని చేతులు తాకి తాకి అందరిదీ అయిపోయింది. నాకు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు ఇంకొక మాట వినడం మిగిలి ఉంది.

"కడియం చాలదు, ఇంకేదైనా కోరుకో" అన్నాడు రాజు. "గాడిద కావాలా?"

బెజ్జన నోరు తెరిచాడు. మైలమ ఎదురుగా నిలబడి ఉంది. చెంప మీద ఆ కంచు రజను ఇంకా అట్లాగే ఉంది. నోరు మూసుకున్నాడు.

"రాజుగారినే మాట్లాడించినవాడివి, ఇప్పుడేమైంది బావా?" అంది మైలమ. వెటకారమే, కాని చూపు మాత్రం వాడి మీంచి తీయలేదు.

బెజ్జన అటూ ఇటూ చూసి, ఇక దారి లేనట్టు వెళ్ళి రాతి మీద అరచెయ్యి పెట్టాడు.

"నా మాట వినాలి" అన్నాడు.

"ఓహో! నీ సాటివాళ్ళను పిలిపించమంటావా?" అన్నాడు రాజు కులాసాగా.

"ఎవరూ వద్దు ప్రభూ. మైలమ ఒక్కతే వింటే చాలు." రాయి వెచ్చగా ఉంది. "గంటలు పోయడం నేర్చుకుందామని కాదు మైలమా నేను రోజూ కొలిమి దగ్గరికి వచ్చింది. నిన్ను చూడ్డానికి."